బాకీ సున్నా

ఫ్రాంక్‌ఫర్ట్‌లో, కెంటకీ నది వంపు తిరిగే చోట
మా ఆఫీసు.
పిల్లలకి చదువుకోమని డబ్బిచ్చేదీ మేమే,
ఇచ్చింది తిరిగి కట్టమని జాబులు రాసేదీ మేమే.
కుడిచెయ్యి రెండో అంతస్తులో ఉంటుంది,
ఎడమచెయ్యి మూడులో.
కాఫీ మిషను మాత్రం ఉమ్మడి.

పదకొండేళ్ళు నేను రెండులో ఉన్నాను.
గ్రాంటు డబ్బు ఎక్కణ్ణించి వస్తుందో తెలుసా?
లాటరీ నుంచి.
పెట్రోలు బంకు కౌంటరు మీద
నాణెం అంచుతో గీకి, పొట్టు ఊది,
ఏమీ లేదని చెత్తబుట్టలో పడేసిన టికెట్ల నుంచి.
మా అమ్మ ప్రతి శుక్రవారం రెండు కొనేది.
జన్మంతా కలిపి గెలిచింది ఒక్కసారి, ఏడు డాలర్లు.
"పోతే పోయిందిలే, ఎవరి పిల్లో చదువుకుంటుంది" అనేది.
ఓడిపోవడానికి అంత మంచి సాకు
ఇంకెవరికీ దొరికి ఉండదు.

ముందొచ్చినవాళ్ళకి ముందు, అదీ రూలు.
ఒక ఏడు మార్చి పదిహేడున, మధ్యాహ్నం రెండున్నరకి
డబ్బయిపోయింది.
రెండూ ఇరవై తొమ్మిదికి దరఖాస్తు పెట్టిన పిల్ల
నర్సింగుకి వెళ్ళింది.
రెండూ ముప్పై ఒకటికి పెట్టిన కుర్రాడు
అర్హుడే, ఏ గడిలో చూసినా అర్హుడే.
ఇంట్లో నెట్ లేదట.
బస్సెక్కి లైబ్రరీకి వచ్చేసరికి
కంప్యూటరు దగ్గర వాడి ముందు నలుగురు.
"నిధులు లేనందున" అని మొదలయ్యే ఉత్తరం
నా సంతకంతోనే వెళ్ళింది.

తర్వాత నన్ను మూడుకి మార్చారు.
అక్కడికి వచ్చింది ఓపల్ నేపియర్ జాబు,
రూళ్ళ కాగితం మీద, పెన్సిలుతో.
"మావాడు కోల్బీ. వెల్డింగు చదివాడు, మూడు టర్ములు.
అక్టోబరులో పోయాడు.
ఎలా పోయాడో లోపలి కాగితంలో ఉంది, నన్ను అడగొద్దు."
లోపల మరణ పత్రం. నకలు కాదు, అసలుది.

మనిషి పోతే అప్పూ పోతుంది.
మా రూళ్ళ పుస్తకం మొత్తంలో
మెత్తగా ఉన్న వాక్యం అదొక్కటే.
నాలుగు వేల రెండు వందల పద్దెనిమిది డాలర్లు.
ఒక మీట నొక్కాను, సున్నా.
సూపర్‌వైజర్ వెర్నా భుజం మీంచి చూసి
"తొందరగానే తేల్చావే" అంది.

జనవరిలో ఇరవై డాలర్ల మనీ ఆర్డరు.
తిప్పి పంపాం.
ఫిబ్రవరిలో మళ్ళీ.
తిప్పి పంపాం.
మార్చిలో నేనే ఫోను చేశాను.
"మీరు మాకేమీ బాకీ లేరండీ."
అటువైపు చాలాసేపు
టీవీలో జనం నవ్వుతున్న చప్పుడు.

"బాకీ గురించి కాదు తల్లీ.
నెల నెలా మీ కవరు వచ్చేది.
వాడి పేరు అచ్చేసి, మధ్యలో ఆ పొడి అక్షరంతో సహా.
కరెంటు బిల్లు నా పేరున వస్తుంది.
చర్చి కార్డులు నా పేరున వస్తాయి.
వాడి పేరు వెతుక్కుంటూ
ఈ కొండ ఎక్కి వచ్చేది అదొక్కటే."

వసూళ్ళ మీద మాకు మూడు రోజులు శిక్షణ ఇచ్చారు,
భోజనంతో సహా.
అరిచేవాళ్ళకి ఏం చెప్పాలో ఉంది,
ఏడ్చేవాళ్ళకి ఏం చెప్పాలో ఉంది.
కట్టనివ్వమని బతిమాలేవాళ్ళ పేజీ లేదు.

ఫైలు మూసే తెర మీద
చిట్టచివర ఒక చిన్న గడి ఉంటుంది:
"మూడు నెలలకోసారి వార్తాపత్రం పంపవలెనా?"
పోయినవాళ్ళ ఫైలైతే టిక్కు తీసెయ్యాలి.
ఆ సాయంత్రం వెర్నా కాఫీకి వెళ్ళేదాకా ఆగాను.

మొన్న జూన్ సంచిక వెళ్ళింది,
కోల్బీ ఆర్. నేపియర్ గారికి.
మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో:
ఈ ఏడు దరఖాస్తులు త్వరగా పెట్టుకోండి,
నిధులు ఉన్నంతవరకే.